అమ్మమ్మ కొలనుకు రెండు హీటర్లు

గౌరవనీయులైన మామయ్యగారికి మేనకోడలు నమస్కరించి వ్రాయునది.

నాపై మోపిన అభియోగాన్ని ముందుగా నేనే చదువుతాను. "ఆ పిల్ల నోరు ఆడినన్నాళ్లూ మా అమ్మ కాలు ఆడదు" అని మీరు మీ హీటర్ల దుకాణంలో నలుగురి ముందూ అన్నారట. అమ్మమ్మ మోకాలికి ఆపరేషను అయింది. రోజూ వెచ్చని నీళ్లలో నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరుగారు హెచ్చరించారు. అయినా మా పెరటి ఈత కొలనుకు ఏ హీటరు పెట్టాలన్న విషయాన్ని నేను వాదనలతో నానబెడుతున్నానన్నది మీ మాటల సారాంశం.

ఈ అభియోగాన్ని నేను పూర్తిగా తిరస్కరిస్తున్నాను. ఆలోచించి ఎంచుకోవడం జాప్యం కాదు. ఆలోచించకుండా తెచ్చి, ఆపైన తల పట్టుకోవడమే జాప్యం. చలి ముదిరిందని నాకూ తెలుసు. అమ్మమ్మ రోజూ శాలువా కప్పుకుని గట్టు మీద కూర్చుంటోంది. బొటనవేలు ముంచి, "అబ్బ! ఇవి నీళ్లా, కత్తులా?" అని చటుక్కున వెనక్కి తీసుకుంటోంది.

కనుక నా ప్రతిపాదన హీట్ పంపు. అది నిప్పు రాజేయదు, పొగ వదలదు. గాలిలో ఉన్న వెచ్చదనాన్నే పోగుచేసి నీటికి అందిస్తుంది. మబ్బు పట్టినా, పొద్దు గూకినా తన పని మానదు. వంటింటి గోడ వెనుక దానికి తగిన చోటుంది. దీన్ని కాదనగల వాదం ఒక్కటంటే ఒక్కటి చూపించమని సవాలు చేస్తున్నాను.

ఇట్లు,
ప్రతిపాదక పక్షం తరఫున,
మీ మేనకోడలు.

తా.క. ఈ సవాలు స్వీకరించే మగధీరులు మా ఇంట్లో లేరు. అందుచేత మా కళాశాల చర్చావేదిక ఆనవాయితీ ప్రకారం రేపు నేనే ఎదుటి పక్షాన నిలబడి మరో ఉత్తరం రాస్తాను. తీర్పు చెప్పేది అమ్మమ్మ. అంతదాకా ఏదీ పంపకండి.

*

చిరంజీవి కోడలు పిల్లకి మామయ్య దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. ఇన్నాళ్లకి ఒక్క మాట మీద నిలబడ్డావు, సంతోషం. ఫోనులో ఆర్డరిచ్చినవాళ్లు సరుకు గుమ్మంలోకి వచ్చాక "మేమలా అన్లేదే" అంటారు. అందుకే కాగితం మీద రాసిస్తేనే నా దుకాణంలో సరుకు కదుల్తుంది. నీ కాగితం వచ్చింది, టీ చల్లారేలోగా హీట్ పంపు లారీ ఎక్కేసింది! వెంట మా ఫిట్టరు వస్తున్నాడు. వాణ్ణి మేం గుసగుస అంటాం. తను బిగించిన పంపు గుసగుసలాడినంత చప్పుడే చేస్తుందని నాలుగు వీధులకి వినపడేలా అరిచి చెప్తాడు, అందుకని.

నేనూ వద్దామనుకున్నాగానీ తల గోక్కునే తీరిక లేదు. అమ్మకి చెప్పు.

ఉంటాను,
మామయ్య.

తా.క. ఆ పంపుకి గాలిలో కాస్త వేడి ఉండాలి. చలి మరీ ఎక్కువైన రోజు నువ్వు దాని ఎదురుగా నిలబడి ఓ ప్రసంగం చెయ్యి, సరిపోతుంది.

*

గౌరవనీయులైన మామయ్యగారికి,

మీ జవాబు ఇంకా అందలేదు. అది సత్యాన్వేషణకు అడ్డం కారాదు.

నిన్నటి వక్త మాటలు మీరు చదివే ఉంటారు. ఆమెకు ధైర్యం పుష్కలం, వివేకం పూజ్యం. గాలిలోని వెచ్చదనాన్ని పోగుచేస్తుందట! చలికి గాలే గజగజ వణుకుతున్నప్పుడు దాని దగ్గర వెచ్చదనం అడగడమంటే, కరువునాడు బిచ్చగాడి జోలెలో చెయ్యి పెట్టడమే. మా కప్పు మీద పొద్దంతా ఎండ ఊరికే పడి ఉంటోంది. బట్టలు ఆరడానికి తప్ప దాన్ని వాడుకున్న నాథుడు లేడు. ఆ కప్పు నిండా సోలార్ ప్యానెళ్లు పరిచి, కొలను నీటిని వాటిగుండా పారించి కిందికి దింపితే సూర్యుడే మన ఇంటి కొలిమి అవుతాడు. సోలారును విడిచి హీట్ పంపును కోరేవారు చేతిలో దీపం పెట్టుకుని నిప్పు కోసం ఊరంతా తిరిగేవారు.

ఇట్లు,
నిన్నటి వక్తను చిత్తుచేసిన సంతోషంతో,
ప్రతిపక్షం.

తా.క. నిజానికి నిన్నటి వక్త కూడా బాగానే మాట్లాడింది. రాత్రి ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం. ఇది వాదం మాత్రమే, దయచేసి ఏదీ పంపకండి.

*

కోడలు పిల్లా,

నిన్నో మాట, ఇవాళో మాట! అదలా ఉంచు, ఆ నిన్నటి వక్త ఎవరే? మీ ఇంటికి చుట్టమొచ్చి ఉంటే నాకెవరూ చెప్పలేదు. ఎవరైతేనేం, పరాయి పిల్లని పట్టుకుని వివేకం లేదంటావా? ఎంత నొచ్చుకుందో ఏమో! నా తరఫున క్షమాపణ చెప్పు.

సరే, సోలారు కావాలన్నావు, పంపించేశా. వెంట మా రెండో ఫిట్టరు నిచ్చెన వస్తున్నాడు. వాడు ఎక్కడమే గానీ దిగడం ఎవరూ చూళ్లేదు. హీట్ పంపు వెనక్కి తీసుకోమని నువ్వు రాయలేదు కాబట్టి అదీ అక్కడే ఉండనీ.

నేనే వద్దును గానీ నడుం పట్టేసింది.

మామయ్య.

తా.క. నేను సంతకం కింద రాసేవి చదవను. బేరం సంతకంతోనే ముగుస్తుంది, ఆ తర్వాతదంతా ఊసుపోక రాసేదే. మరి నేనెందుకు రాస్తున్నానంటే, మీ అత్తయ్య ఊరుకోదు కనుక.

*

మామయ్యగారికి,

తాజా కలం: ఏదీ పంపకండి.

సంతకం కింద చదవనివారి సౌకర్యార్థం దాన్ని ఈసారి ఉత్తరం నడినెత్తిన పెట్టాను. రెండు ఉత్తరాలూ నేనే రాశాను. నిన్నటి వక్తనూ నేనే. మీ క్షమాపణను ఆమె తరఫున స్వీకరించాను.

ఇక్కడి పరిస్థితి వినండి. గుసగుస వంటింటి గోడ వెనుక, నిచ్చెన కప్పు మీద మకాం వేశారు. కొలనుకు ఉన్న గొట్టం ఒక్కటే, దాన్ని ఎవరూ వదలరు.

"మబ్బొస్తే నీ ప్యానెళ్లు పిల్లులు పడుకోడానికే కదరా!" అని కిందినుంచి గుసగుస.

"కరెంటు పోతే నీ పెట్టెలో కోడి గుడ్లు పెడుతుంది పోరా!" అని పైనుంచి నిచ్చెన.

ఇరుగుపొరుగు గోడకు గడ్డాలు ఆనించి వింటున్నారు. చివరికి అమ్మమ్మ చేతికర్ర ఎత్తింది. "ఒరే, రెండూ ఒకే గొట్టానికి కలిపి ఏడవండి. ఎవరిది గొప్పో తర్వాత నేను తేలుస్తా" అంది. కలిపారు. నీళ్లు ముందు కప్పెక్కి ఎండ కాచుకుంటాయి, దిగివచ్చి పంపు దగ్గర మిగిలిన వెచ్చదనం తెచ్చుకుంటాయి. తెల్లవారేసరికి కొలను మీద ఆవిరి.

కానీ అమ్మమ్మ దిగలేదు. మొదటి మెట్టు మీద పాదం మోపుతుంది, కమ్మీ పట్టుకుంటుంది, ఆపరేషను కాలు జారుతుందని భయపడి వెనక్కి వచ్చేస్తుంది. "వెచ్చగానే ఉన్నాయే, రేపు చూద్దాం" అంటుంది. రేపు కూడా అదే మాట. నిన్న కుర్చీలోంచి లేవడానికి మా అమ్మా నేనూ ఇద్దరం పట్టుకోవలసి వచ్చింది. ఎంతటి వాదానికైనా నా దగ్గర జవాబుంటుంది. "రేపు చూద్దాం" అన్నదానికి మాత్రం రాత్రంతా పుస్తకాలు తిరగేస్తున్నాను.

మీ మేనకోడలు.

తా.క. సంతకం కింద ఖాళీగా వదిలితే మీరు గెలిచినట్లవుతుందని ఈ వాక్యం రాస్తున్నాను.

*

కోడలు పిల్లా,

పాత తాజా కలాలన్నీ మీ అత్తయ్య వరసబెట్టి బిగ్గరగా చదివింది. గుమాస్తా నవ్వాపుకోలేక గోడౌనులోకి పారిపోయాడు. దుకాణంలో నా పరువు ఇక ఉతికి ఆరేసినట్టే.

అమ్మ సంగతి వింటే దిగులుగా ఉంది. వేడి చాలలేదంటావా? గ్యాసు హీటరు ఒకటి ఉంది, పంపనా? లేక నీ వాదనలకే జడుసుకుందేమో. నేనొచ్చి చేయి పట్టుకుని దింపేవాణ్ణే, ఏం చెయ్యను, జలుబు.

మామయ్య.

తా.క. ఒకవేళ వచ్చాననుకో, గేటు దగ్గర నిలబడి చూస్తే సరిపోతుంది కదా?

*

మామయ్యగారికీ, ఈ ఉత్తరాన్ని బిగ్గరగా చదువుతున్న అత్తయ్యకూ, వింటున్న దుకాణం సిబ్బందికీ నమస్కారాలు.

గుసగుస గట్టు మీదా, నిచ్చెన కప్పు మీదా నిలబడి ఫిట్టర్లిద్దరూ మొన్న మళ్లీ మాటలతో కలబడ్డారు. ఎవరిది గెలుపో తేలనిదే ఊరు కదలబోమన్నారు. "ఆ పంపుదేనర్రా, ఇక పొండి" అని అమ్మమ్మ కుర్చీలోంచే తీర్పు పారేయబోయింది. నేను అభ్యంతరం లేవనెత్తాను. సాక్ష్యాన్ని స్వయంగా పరిశీలించని న్యాయనిర్ణేత తీర్పు చెల్లదు.

"అంటే? దిగాలా?"

"దిగాలి."

"నీ నోరు పడ! నిన్ను చదివించినవాళ్లననాలి" అంటూనే అమ్మమ్మ శాలువా తీసి నా మొహాన విసిరింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు. నీళ్లు నడుము దాకా వచ్చాయి. కోపంలో ఉన్నందువల్ల భయపడడం మరిచిపోయింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు కమ్మీ కూడా పట్టుకోలేదు. "నడుస్తోంది" అన్నాడు గుసగుస. జన్మలో మొదటిసారి నిజంగానే గుసగుసగా. నిచ్చెన కప్పు దిగి వచ్చాడు. మా అమ్మ ఏడుస్తూ నవ్వింది. నేను ఇద్దరు వక్తల తరఫునా చప్పట్లు కొట్టాను, దీనికి సాక్షులున్నారు.

అప్పుడు అమ్మమ్మ నడికొలనులో నిలబడి తీర్పు చెప్పింది. యథాతథంగా రాస్తున్నాను.

"మీరిద్దరూ గెలిచార్రా. ఓడింది నా కొడుకు. ఊరందరి నీళ్లూ కాచే మొనగాడు, వాడు మాత్రం పాదం మునిగేంత నీళ్లలో ఏనాడూ దిగింది లేదు! చిన్నప్పుడు తలంటుకి పిలిస్తే అటక ఎక్కేవాడు. తీరిక లేదట, నడుమట, జలుబట! కోసి కుట్టిన కాలితో నేను దిగాను, వాడికేం రోగం? వాడొచ్చి దిగేదాకా నేను గట్టెక్కను."

పొద్దున్న దిగితే చీకటి పడేదాకా అన్నంత పనీ చేస్తోంది. కాఫీ గట్టు మీదికే అందిస్తున్నాం. డాక్టరుగారు చెప్పిన నడక ఎప్పుడో దాటిపోయింది.

కనుక ఈ సభను నేను కోరేది ఒక్కటే. అత్తయ్యా, ఒక రెక్క మీరు పట్టుకోండి. గుమాస్తాగారూ, రెండో రెక్క మీది. ఆదివారం ఉదయం ఆయనను గేటు దగ్గర ఆగనివ్వకుండా కొలను గట్టు దాకా తీసుకురండి. మెట్లు దింపడానికి వాళ్లమ్మ ఉంది.

ఇట్లు,
మీ మేనకోడలు.

తా.క. నీళ్లు చల్లగా ఉన్నాయని ఆయన అంటే ఒప్పుకోకండి. హీటర్లు రెండూ ఆయన పంపినవే. తువ్వాలు మరవకండి.