బొమ్మకి జుట్టు లేదు

జులై 7, సోమవారం

ఇవాళ నాలుగుసార్లు కన్నాను.

అమలాపురం స్కిల్ ల్యాబ్‌లో అయిదు రోజుల ట్రైనింగ్. కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సులు పన్నెండు మంది. నిజం తల్లులని ముట్టుకునేలోపు ఉత్తుత్తి తల్లి మీద వాళ్ళకి చెయ్యి తిరగాలట. ఆ ఉత్తుత్తి తల్లిని నేను. పొట్ట మీద ఒక సంచి కట్టారు. అందులో రబ్బరు బిడ్డ, మాయ, ఎర్రరంగు నీళ్ళు. నేను మంచం మీద పడుకుని అరవాలి, సమయం చూసి బిడ్డని బయటికి తొయ్యాలి. పద్నాలుగేళ్ళుగా లేబర్ రూమ్‌లో నర్సుగా ఉన్నదాన్ని, అరుపులు నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియవని ట్రైనింగ్ ఇచ్చే డాక్టర్ నాగదుర్గాప్రసాద్ గారు నన్ను పట్టుకున్నారు. మూడో కాన్పుకే గొంతు బొంగురుపోయింది.

బొమ్మ బాగానే ఉంది. లోపల గోరువెచ్చని నీళ్ళు పోస్తే పసిబిడ్డ బరువూ వేడీ వస్తాయి. దానికో సన్నని గొట్టం, గొట్టం చివర బల్బు. డాక్టర్ గారు బల్బు నొక్కితే ఏడుస్తుంది. జుట్టు మాత్రం లేదు. బోడిగుండు. ఇంత చేసినవాళ్ళకి నాలుగు వెంట్రుకలు పెట్టడానికి ఏం రోగమో.

జులై 8, మంగళవారం

ఈ పిల్లలకి మర్యాద ఎక్కువైపోయింది. ఇవాళ నేను రక్తం పోతున్న తల్లిని. ఆ సంగతి మర్చిపోయి, మేడమ్, ఇంజెక్షన్ ఏ ట్రేలో ఉందండీ అని నన్నే అడుగుతున్నారు. చచ్చిపోతున్నదాన్ని లేచి ట్రే చూపించాను. డాక్టర్ గారు వాళ్ళకీ నాకూ కలిపి సున్నా వేశారు.

ముక్తేశ్వరం అమ్మాయి సాయిదుర్గ ఒక్కతే నన్ను మేడమ్ అనలేదు. ఇంకొక్కసారి ఊపిరి తీసుకోండమ్మా, అయిపోతుందండీ అంటూ నా చెయ్యి పట్టుకునే ఉంది. చెక్‌లిస్టులో దానికి మార్కులు లేవే అన్నాను తర్వాత. ఆయ్, తెలుసండీ అంది.

జులై 9, బుధవారం

బిడ్డ ఏడవని డ్రిల్. తుడవాలి, వీపు రుద్దాలి, అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే మాస్కు పెట్టి బ్యాగ్‌తో గాలి కొట్టాలి. నిమిషంలోపు మొదలవ్వాలి. ఆరుసార్లు చేశాం. ఆరుసార్లూ చివర్లో డాక్టర్ గారు బల్బు నొక్కారు. ఆరుసార్లూ ఏడ్చింది. అందరూ చప్పట్లు.

భోజనాల దగ్గర, ఒక్కసారి నొక్కకుండా ఉంటారా అండీ అని అడిగాను. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, ట్రైనింగులో కూడా చంపేద్దామా వేణి గారూ అన్నారు. పిల్లలు బెదిరిపోతారట. నిజం బిడ్డలకి బల్బులుండవు కదండీ అన్నాను. మాట కాస్త పెళుసుగానే వచ్చింది. ఆయన మజ్జిగ పోసుకున్నారు.

అదే రోజు, సాయంత్రం 6:30

బస్సు బోడసకుర్రు వంతెన మీద ఉండగా అనుకున్నాను, ఇంటికెళ్ళగానే రాసెయ్యాలని. లేకపోతే మళ్ళీ రాయను.

సోమవారం రాసిన లెక్క తప్పు. అంతకుముందు ఒకసారి కన్నాను. పదకొండేళ్ళ కిందట.

నెలలు నిండాయి. బిడ్డ ఏడవలేదు. నాతో పనిచేసినవాళ్ళే గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయారు. చూస్తే తల్లి బెంగ పెట్టుకుంటుందని, చూపించకపోవడం మా దగ్గర ఆనవాయితీ. చూపించమని అడిగాను. పక్కనున్న మా పెద్దమ్మ నా నుదురు నిమిరి, ఆడపిల్లేలే, మర్చిపోవే అంది. నా బిడ్డ గురించి నాకు తెలిసింది అంతే. ఆడపిల్ల.

మా ఆయన చూశారు. ఆయనే కాలవ అవతల పూడ్చి వచ్చారు. ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన కొబ్బరి వ్యాపారం గురించి, వాన గురించి, పక్కింటి కుక్క గురించి కూడా మాట్లాడుకుంటాం. దీని గురించి మాత్రం లేదు.

ఇంకొకటి కూడా రాయాలి. ఆ తర్వాత డ్యూటీలో నేనూ అలాంటి బిడ్డల్ని గుడ్డలో చుట్టి వెనక తలుపులోంచి తీసుకెళ్ళాను. తల్లులు అడిగారు. బెంగ పెట్టుకుంటావమ్మా అన్నాను. అన్నీ తెలిసే అన్నాను. ఎంతమందితోనో రాయడానికి చెయ్యి రావడం లేదు.

జులై 10, గురువారం

బొమ్మలో నీళ్ళు పోస్తూ, డాక్టర్ గారి మొహం చూడకుండా, మొత్తం చెప్పేశాను. ఈ పన్నెండు మందీ సోమవారం నుంచి లేబర్ రూముల్లో ఉంటారు, ఇక్కడ నేర్పకపోతే నేను చేసిందే చేస్తారండీ అన్నాను.

ఆయన బల్బుని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు. రేపు చేద్దామండీ అన్నారు.

జులై 11, శుక్రవారం

సాయిదుర్గ వంతు వచ్చింది. తుడిచింది, రుద్దింది, మాస్కు పెట్టింది. ఒక్క తప్పు లేదు. డాక్టర్ గారు బల్బుని బల్ల మీద పెట్టేసి చేతులు కట్టుకున్నారు. పిల్ల గాలి కొడుతూనే ఉంది. చివరికి ఆయన, నీ తప్పేం లేదమ్మా, అన్నీ సరిగ్గా చేశావు, ఇంక ఆపు అన్నారు.

ఆపింది. బొమ్మ మొహం మీదికి గుడ్డ లాగింది. చుట్టింది. తలుపు వైపు తిరిగింది. ఎవరూ నేర్పలేదు, అదే వచ్చేసింది. నా చెయ్యి పట్టుకున్న పిల్లే.

నేను అనాల్సిన మాట ఒకటే. నా బిడ్డని చూపించండి. వారమంతా అరిచిన గొంతు అప్పుడు లేవలేదు. చేతులు చాపాను.

సాయిదుర్గ తలుపు దగ్గర ఆగింది. నన్ను చూసింది. వెనక్కి వచ్చి మంచం అంచున కూర్చుంది. మొహం మీద గుడ్డ తీసి, పాపండీ అంది. చూస్తారా అండీ, ఎత్తుకుంటారా, మీ ఇష్టమండీ, తొందరేం లేదండీ అంది.

ఎత్తుకున్నాను. ఇంకా గోరువెచ్చగానే ఉంది. నేను పోసిన నీళ్ళేనని తెలుసు. అయినా ఏడ్చాను, నటన కాదు. ఎవరూ టైము చూడలేదు.

డాక్టర్ గారు చెక్‌లిస్టు చివర పెన్నుతో ఒక వరుస చేర్చారు. చూస్తారా అని తల్లిని అడగాలి. తక్కిన పదకొండు మందీ ఒకరి తర్వాత ఒకరు చేశారు. రెండుసార్లు నేను వద్దన్నాను. వద్దన్న తల్లిని బలవంతపెట్టకూడదని కూడా తెలియాలి కదా. మొత్తం పన్నెండుసార్లు నన్ను అడిగారు, చూస్తారా అండీ అని.

జులై 12, శనివారం

మా ఆయన కొబ్బరి లోడుతో రాజమండ్రి వెళ్ళారు. రేపు వస్తారు.

జులై 13, ఆదివారం

మా ఆయన వాకిట్లో కాయలు ఒలుస్తుంటే పాప గురించి అడిగాను.

నువ్వు అడుగుతావని పదకొండేళ్ళ నించి చూస్తున్నా వేణీ అన్నారు.

జుట్టుందట. నల్లగా, ఒత్తుగా, చెవుల మీదికంటా.