పడుగు మీది నీడ

3 మార్చి 1989
మళ్లీ రెట్ట. మా బాపు పొద్దున్నే వీధిలో చీర నేతకు నూలు పడుగు చాచి గంజి పెట్టాడు. పక్కింటి ఖాజా మియా వేపచెట్టు మీది గోరింకలు మూడుచోట్ల ఖరాబు చేశాయి. మచ్చలున్నాయని పోయిన నెల సేటు చీరను బాపు మొహాన కొట్టాడు. కొమ్మలు కొట్టించమంటే మియా నవ్వుతాడు.
"గూళ్లు వెట్టినయి సారూ. పిల్లలు ఎగిరినంక కొట్టిస్త."
పిట్టలపాటి చెయ్యలేదు మేము.

10 మార్చి, శుక్రవారం
మియా జుమ్మా నమాజుకు పోయాడు. నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. గోడ దూకి, బర్మాతో చెట్టు మొదట్లో మూడు బెజ్జాలు తొలిచి... ఇంగువ ముద్ద కూరి మట్టి మెత్తాను. చెట్టును చంపాలంటే ఇంగువే మందని అవ్వ చెప్పేది.
సాయంత్రం సావిత్రి వంటింట్లోంచి — "డబ్బల ఇంగువ అంత యేమాయె?"
ఎలుకలు తిన్నాయన్నాను. నా పెళ్లాం నమ్మింది! మగ్గం ముందు బాపు తలెత్తలేదు.

27 మార్చి
ఆకు పండుతోంది. హాయిగా ఉంది.

7 ఏప్రిల్, ఉగాది
ఏటా లాగే మియా పళ్లెంలో వేపపువ్వు పంపాడు. "గీసారి జర తక్కువనే పూసింది సారూ. చెట్టుకేమైందో..."
పచ్చడి రెండుసార్లు వడ్డించుకున్నాను.

22 ఏప్రిల్
చెట్టు మోడు. గోరింకలు లేవు, ఉడుతలు లేవు. రెక్కలు రాని గోరింక పిల్ల ఒకటి గోడవారన పడి ఉంది, చీమలు పట్టాయి. ఇంకా నోరు తెరుస్తోంది. చూసి లోపలికొచ్చాను. పడుగు మీద ఒక్క మచ్చ లేదు.

29 ఏప్రిల్
పడుగు మీద కుంచె తిప్పేలోపే గంజి ఎండిపోతోంది. పోగులు పుటుక్కున తెగుతున్నాయి. బాపు ఎండలో కూర్చుని ఒక్కో పోగూ అతుకుతున్నాడు. "నీడ లేకుంటె పడుగు నిలుస్తదారా?"
మగ్గం గుంట పక్కన పుట్టినవాణ్ణి. నాకు తెలియని సంగతా? రెట్ట కనిపించింది, నీడ కనిపించలేదు. గాడిదని.

11 మే
వేడికి మగ్గం గది గోడ మీద చెయ్యి ఆనటం లేదు. చెట్టున్నన్నాళ్లూ ఆ గోడకు ఎండ తెలియదు. మధ్యాహ్నం బాపు మగ్గం మీదే ఒరిగిపోయాడు. వడదెబ్బ. నేను ఆఫీసులో ఫ్యాను కింద ఉన్నాను. మియానే రిక్షాలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు.

15 మే
బాపును ఇంటికి తెచ్చాం. "చల్లటి జాగల పండవెట్టుండ్రి" అన్నాడు డాక్టరు. ఏదీ ఆ జాగా? మియా గోనెసంచులు తడిపి మా కిటికీలకు కట్టాడు. "మా చెట్టుంటే గింత తిప్పలు కాకపోవు సారూ" అన్నాడు, తప్పు తనదైనట్టు. సిగ్గుతో చచ్చాను. సంచులు కట్టడానికి తాడు అందించాను.

18 మే
మియా రేపు చెట్టు కొట్టిస్తాడట. మొద్దు బాపుకే ఇస్తాడట, మగ్గానికి పనికొస్తుందని. రంపం ఆ బెజ్జాల మీదుగానే పోతుంది.
బాపు వారం నుంచి మాట్లాడటం లేదు. ఇందాక నీళ్లు పడుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు వాసన చూశాడు.
"ఎలుకలు ఇంగువ తింటయారా?"
గ్లాసు కింద పెట్టాను. కిటికీకి కట్టిన సంచులు ఆరిపోయాయి. లేచి తడపాలి.