ఉష అనే పందికి బెజవాడలో సీటు

బావగారి పాదాలకి, కడుక్కునే ఉంటారన్న నమ్మకంతో, కాశీరావు నమస్కారాలు.

కరెంటాఫీసు వాణ్ణంటూ ఫోన్ చేసి మిమ్మల్ని అరగంట మెయిన్ స్విచ్ దగ్గర నిలబెట్టానని నా నంబరు బ్లాక్ చేశారు కదా, అందుకే ఈ ఉత్తరం. పోస్టులో ఆలస్యమని మన జంక్షన్ బస్సు కండక్టరు చేతికిస్తున్నా. జవాబు కూడా అతనికే ఇవ్వండి.

ఈసారి వేళాకోళం కాదండీ, అక్క మీద ఒట్టు. మా ఉషకి మీవైపు ఎక్కడైనా చోటు చూడాలి. తెల్లారగట్ల కాలవ గట్టున దొరికిందని ఆ పేరు పెట్టా. మొదట్లో నన్ను చూస్తే మూలకి దూరేది. రోజూ పక్కనే బురదలో కూర్చుని కబుర్లు చెప్పగా చెప్పగా మాలిమైంది. ఇప్పుడు స్టీలు గ్లాసు మీద స్పూనుతో టింగుమనిపిస్తే ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది. కూర్చోమంటే కూర్చుంటుంది. జామకాయ ముక్క పెట్టేదాకా లేవదు.

మా ఆవిడ సీతారావమ్మేమో "అదో నేనో తేల్చు" అంటోంది. ఆదివారం చక్రికి ఇచ్చేస్తుందట. వాడొచ్చి చూసుకుని "బాగుంది" అనేసి వెళ్ళాడు కూడా. నాకు అన్నం సహించడం లేదు.

ఇట్లు,
కాశీరావు

తా.క. ఒళ్ళు కాస్త భారీ. మీ అంత కాదు.

*

చిరంజీవి కాశీరావుకి, పళ్ళు నూరుతూనే ఆశీస్సులు.

పెంచుకున్న పిల్లని చక్రికి కట్టబెడతారా! పెళ్ళిచూపులు కూడా అయిపోయాయా! చదువుకునే వయసురా అది! జైల్లో పెడతారు మిమ్మల్ని!

కూర్చోమంటే కూర్చుంటుందన్నావు కాబట్టి కోచింగు కాలేజీలో సీటు మాట్లాడేశాను. హాస్టలు. తెల్లారకముందే లేపేస్తారు. కిటికీలకి గ్రిల్స్, గేటుకి తాళం. బెల్లు కొడితే తిండి, బెల్లు కొడితే చదువు. ఆటల్లేవు. కునుకు తీస్తే నిలబెడతారు. బంగారం లాంటి కాలేజీ.

ఇట్లు,
సూర్యప్రకాష్

తా.క. పిల్లని బురదలో కూర్చోబెట్టావా? ఛీ.

*

బావగారికి, నోరు తెరిచినవాడు తెరిచినట్టే రాయునది.

అయ్యా, ఉష పందండీ! నాలుగు కాళ్ళు, తోక, ముట్టె! చక్రిది మాంసం కొట్టండీ!

మీ కాలేజీ సంగతి చదివి ఒళ్ళు జలదరించింది. పందినైనా అలా పెంచుతారా ఎవరైనా? మా దొడ్డికి గేటుంది గానీ తాళం లేదు. దానికి మధ్యాహ్నం కునుకుండాలి, సాయంత్రం బురదలో పొర్లాలి, పడుకోబోయే ముందు ఎవరో ఒకరు పొట్ట గీరాలి. మీ హాస్టల్లో ఎవరు గీరుతారు?

ఇట్లు,
కాశీరావు

తా.క. ఆ కాలేజీ వివరాలు విని సీతారావమ్మ కళ్ళు తుడుచుకుని, మొట్టమొదటిసారి దానికి అరటిపండు పెట్టింది. అయినా ఆదివారం మాట ఆదివారమేనట.

*

ఒరేయ్ కాశీ, ఆశీస్సులు ఆపేశాను.

ఆడపిల్లని పంది అంటావా! పైగా తోక, ముట్టె అని వర్ణనా! నీ జన్మలో ఒక్క నిజం చెప్పావా, ఇది నమ్మడానికి? నీ ఉత్తరం చదివి మీ అక్క కనకదుర్గ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది, పాపం. ఆదివారం పొద్దున్నే కారేసుకుని వస్తున్నా. పిల్లకి తలంటి, జడేసి ఉంచు.

సూర్యప్రకాష్

తా.క. రెండు జడలు.

*

బావగారికి, ఏడుస్తూ రాయునది.

ఉష లేదండీ! చక్రికీ మీకూ దొరక్కూడదని పొద్దున్నే చేపల చెరువు గట్టు మీది మోటారు షెడ్డులో దాచా. ఇంటికెళ్ళి కాఫీ తాగొచ్చేసరికి షెడ్డు ఖాళీ. తిన్నగా చక్రి కొట్టుకెళ్ళి "నా పిల్లేదిరా" అని వాడి చొక్కా పట్టుకున్నా. జంక్షనంతా మూగింది. వాడు వేలాడుతున్నదాన్ని చూపించి "ఇది మేకండీ బాబూ, మేక" అని ఏడ్చాడు. గట్టంతా గ్లాసు కొట్టుకుంటూ తిరిగా. రాలేదు. సీతారావమ్మ అరటి గెల ముందు పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. వస్తానన్న మీరూ రాలేదు.

ఇట్లు,
కాశీరావు

తా.క. ఈ ఒక్కసారి నమ్మండి. అది పందే.

*

చిరంజీవి కాశీరావుకి, మళ్ళీ మొదలైన ఆశీస్సులు.

పందని నీ మొదటి ఉత్తరానికి ముందే తెలుసురా. నీ పెళ్ళాం మీ అక్కకి రోజూ ఫోన్లో చెప్పుకుని ఏడుస్తూనే ఉంది. మీ అక్క కొంగు నోట్లో కుక్కుకున్నది నవ్వాపుకోలేక.

నేనెందుకు రాలేదు, వచ్చాను. నువ్వు దాన్ని షెడ్డులో దాచి కాఫీకి బయల్దేరడం చెరువు అవతలి నుంచి చూశా. స్టీలు గ్లాసు, స్పూను, జామకాయ ఇంటి నుంచే తెచ్చుకున్నా. షెడ్డు గడియ తీసి టింగుమనిపించా. పరిగెత్తుకొచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. ఇన్నేళ్ళలో మీ ఇంట్లో నా మాట విన్నది అదొక్కతే.

ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో మా జానకిరామయ్య తోటలో ఉంది. తాళం లేదు. పొట్ట నేనే గీరుతున్నా. ఇందాక సీతారావమ్మ మీ అక్కకి ఫోన్ చేసి, "వదినగారూ, అది దొరికితే చాలు, ఇంకెవరికీ ఇవ్వను" అని ఒట్టేసింది. కాబట్టి వారం ఉంచుకుని తెచ్చి దింపుతా. నీకు మాత్రం చెప్పొద్దంది మీ అక్క. నేనే మనసాగక రాస్తున్నా.

మెయిన్ స్విచ్‌కి చెల్లు.

మీ బావ,
సూర్యప్రకాష్

తా.క. కారు మా పక్క ఫ్లాటతనిది. నిజంగానే కోచింగు కాలేజీకి పిల్లల్ని పట్టుకొచ్చి చేర్పించే పీఆర్వో. దారి పొడుగునా ఉష కిమ్మనకుండా, కూర్చోమన్నచోట కదలకుండా కూర్చోవడం అద్దంలో చూసి చూసి, దిగేటప్పుడు మెల్లగా అడిగాడు: "సార్, దీనికి తోబుట్టువులెవరైనా ఉన్నారా?"