మోకాలి మీద మట్టి

చిన్నారీ, కార్డు చూడగానే పెట్టె సర్దుకోకు, నా మోకాలికేం ఫర్వాలేదు.

చేతులు వణుకుతున్నాయని మీ నాన్న కుమ్మరి సారె ముట్టి ఏడాదైంది కదా. పోయిన నెల నా మోకాలు గుమ్మడికాయలా వాచింది. డాక్టరు మాత్రలిచ్చి, తడిమట్టి పట్టీ వేసుకున్నా హాయిగా ఉంటుందన్నాడు. వెంటనే నాన్న మట్టి పిసికారు. పట్టీ వేసి ఊరుకున్నారా? అలవాటు ఎక్కడికి పోతుంది! తడిగుడ్డతో నునుపు చేసి, అంచు తీర్చి, పచ్చికుండని జరిపినట్టు నన్ను నీడకి జరిపారు. "కదలకే, బీటలు వారుతుంది!" అని ఒకటే కేకలు. ఆరాక ఒలవడానికి ఆయనకి మనసొప్పలేదు, నేనే ఒలుచుకున్నాను.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే మట్టి తడుపుతున్నారు. నిన్న మిగిలిన ముద్దని సారె మీద పెట్టి చిన్న గిన్నె తీశారు. మూతి కాస్త వంకర, అయినా నీకేనట.

నీ దగ్గు తగ్గిందా? అల్లుడి పాత నూలు చొక్కాలుంటే పంపు, పట్టీ కింద వేయడానికి గుడ్డలు చాలట్లేదు. మీ ఇద్దరూ చల్లగా ఉండాలి.

అమ్మ

వాపు పూర్తిగా తగ్గి వారమైంది. మీ నాన్నకి చెప్పలేదు. ఫోన్‌లో నువ్వూ నోరు జారకు.