చివరి గీత

అక్కా,

నువ్వు పంపిన ఫోటో అందింది. అచ్చుగుద్దినట్టు పుట్టిన నీ కవలల్లో, నాకు పెంచుకోమని ఇచ్చిన పిల్లకంటే నీ దగ్గరున్నది జానెడు పొడవుంది. డాక్టరు దీని తిండీ నిద్రా అన్నీ అడిగాడు. వాటికేం లోటు లేదు. గది సంగతి మాత్రం అడగలేదు, నేనూ చెప్పలేదు.

పోయిన మా పాప గదిలోనే దీన్ని పెంచాను. ఆ గౌన్లే తొడిగాను. అక్కడ తలుపు చట్టం మీద పాప ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలున్నాయి. ఇది సరిగ్గా చివరి గీత దాకా ఎదిగి ఆగిపోయింది.

నిన్న ఆ చట్టానికి ఆనుకుని నిలబడి, "ఇంత చాలు కదమ్మా?" అంది.

"చాలు తల్లీ" అని నా నోటివెంట వచ్చేసింది.

వెంటనే వచ్చి దీన్ని తీసుకెళ్ళిపో అక్కా.

నీ చెల్లి