కొట్టు మనదైంది, గేదెను అమ్మొద్దు

వేటపాలెంలో ఉన్న అమ్మకు గుంటూరు నుంచి షబ్బీర్ సలాం. ఫోన్లో చెబితే మధ్యలోనే ఏడుస్తావని కార్డు రాస్తున్నా.

కొని అద్దెకిద్దామని చూసిన కొట్టు గది మనదైంది. వడ్డీకి అప్పు తేవద్దన్న నీ మాటా నిలిచింది. గది అమ్మిన సుబ్బరావమ్మగారు మన చీటీ డబ్బు బయానాగా తీసుకుని, "వడ్డీ మాటెత్తకు అబ్బాయ్. మిగతాది తీరేదాకా గది అద్దె నేనే తీసుకుంటాలే. అందులో టీ కొట్టు పెట్టుకున్న పేరయ్యను మాత్రం ఖాళీ చేయించకు" అన్నారు. ఎక్కువ ఇస్తామన్నవాళ్లు ఆ ఒక్క షరతుకే వెనక్కి పోయారట. ఆవిడ మేలు చెప్పుకుంటే తీరదు.

చెల్లి అనీసాకు దగ్గు తగ్గిందా? నా కోసం నాన్న గేదెను బేరానికి పెట్టాడట, వెంటనే మాన్పించు. నాన్నకు సలాం, చెల్లికి దీవెనలు. ఈ నెల నెయ్యి నాకొద్దు, ఆ సీసా సుబ్బరావమ్మగారికి పంపు.