చిన్న మోటారే చాలు

మంగళవారం రాత్రి. నేను చెబుతుంటే మనవరాలు కరుణ రాస్తోంది.

రేపు బడిలో చూపించడానికి కరుణ ప్లాస్టిక్ ముక్కలతో బొమ్మ ట్రాక్టరు కట్టింది. మా అబ్బాయి దానికి మందు కొట్టే స్ప్రేయర్ మోటారు బిగించాడు. స్విచ్ వేయగానే ముక్కలన్నీ ఊడి కల్లంలో మిరపకాయల మీద పడ్డాయి. పిల్ల ఒకటే ఏడుపు.

"ఏరా, కాయ కోసం చెట్టు పీకుతావా? తొడిమ పట్టి కొనవేళ్లతో తుంచాలి. దీనికీ అంత బలమే చాలు."

"మోటార్ల సంగతి నీకేం తెలుసే అమ్మా?"

"ముక్కలేరుతున్నది నేనేగా!"

పిల్ల ముక్కలన్నీ మళ్లీ కట్టాక, పాత బొమ్మకారులోని చిన్న మోటారు పెట్టించాను. ట్రాక్టరు గుప్పెడు కాయలతో మెల్లగా నా కాళ్ల దాకా వచ్చింది.

రేపు బడికి నన్నూ రమ్మంటోంది కరుణ. టీచర్లు ఏదైనా అడిగితే చదువురాని దాన్ని ఏం చెప్పను?

"నాన్నని తిట్టినట్టే చెప్పు నాయనమ్మా" అంటోంది, రాస్తూనే.